పల్లవి మాస్టారి రెండో చరణం

పల్లవి మాస్టారు బళ్ళో పాఠాలు చెప్పే మాస్టారు కారు. ఆయనది తాళాల కొట్టు. పోయిన తాళంచెవికి మారుచెవి కోసి ఇవ్వడం, మొరాయించిన తాళాన్ని బుజ్జగించి తెరవడం ఆయన వృత్తి. వయసులో ఉన్నప్పుడు సొంతంగా పాటలు కట్టి, గిటారు వాయిస్తూ ఊళ్ళో నాలుగు చోట్లా పాడేవారు. ఇప్పుడు కొట్లో ఉన్నా వీధిలో ఉన్నా ఏదో ఒక పల్లవి కూనిరాగం తీస్తూనే ఉంటారు. ఎప్పుడూ పల్లవే. ఆయన నోట చరణం విన్నవాళ్ళు ఈ తరంలో ఎవరూ లేరు. అందుకే ఆ పేరు.

తాళాలు బాగుచేసే మీరు పాటలో తాళం తప్పరు కదా అని ఎవరైనా వేళాకోళమాడితే, తప్పేది తాళం కాదు, మాటలేనని ఆయనే నిజాయితీగా ఒప్పుకునేవారు.

ఆయన భార్యని వీధంతా టీచరుగారంటారు. ఆవిడ నిజంగానే టీచరు. చెవులు వినపడని పిల్లల బడిలో, ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పోల్చుకోవడం నేర్పుతారు. ఏళ్ళ తరబడి అదే పని చేయడంతో ఆవిడ మాటకు ఒక తీరు వచ్చింది. గొంతు విప్పకుండా ఉత్తి పెదవులు కదిపినా సరే, ప్రతి అక్షరం విడివిడిగా కనిపిస్తుంది. పరిచయమైన కొత్తలోనే మాస్టారికీ ఆ విద్య కొంత అబ్బింది. కొట్టు వీధికి ఈ పక్క, వాళ్ళ ఇల్లు సరిగ్గా ఎదుటి పక్క, మేడ మీద. సాయంత్రం ఆవిడ బాల్కనీలో నిలబడి పెదవులు కదిపితే చాలు, మాస్టారు పని ఆపి కాఫీకి వెళ్ళిపోయేవారు.

అసలు వాళ్ళ పరిచయమే తాళంచెవితో మొదలైంది. అప్పుడే ఉద్యోగంలో చేరిన ఆవిడ, అద్దెగది తాళంచెవి పోగొట్టుకుని కొట్టుకొచ్చారు. క్షణంలో తెరవగలిగిన తాళాన్ని మాస్టారు పొద్దు వాలేదాకా తెరవలేదు. ఆ నిర్వాకంలోంచే ఆయన మొట్టమొదటి పాట పుట్టింది.

తలుపేసి ఉందని తిరిగెళ్ళిపోను,
తలవాకిటే కూర్చుని తెల్లారుస్తాను.

ఆ రోజుల్లో వీధి చివరి కాఫీ హోటల్లో శనివారం సాయంత్రాలు ఎవరైనా పాడుకోవచ్చు. మూలన ఒక స్టూలు, ముట్టుకుంటే జిల్లుమనే మైకు. పాడినవాళ్ళకి హోటలాయన ఒక కాఫీ ఇచ్చేవాడు. బాగా పాడితే పాట అయ్యాక ఇచ్చేవాడు, బాగా లేకపోతే మధ్యలోనే ఇచ్చేవాడు. మాస్టారు మొదటిసారి అక్కడ నిలబడినప్పుడు పల్లవి అయింది, మొదటి చరణం అయింది, రెండో చరణం దగ్గర బుర్ర తుడిచిన పలకలా అయిపోయింది. ఎదురుగా, స్తంభం పక్క కుర్చీలో ఆవిడ కూర్చుని ఉన్నారు. పాట కాగితం మీద రాసి ఇచ్చింది మాస్టారే కాబట్టి ఆవిడకి కంఠతా వచ్చు. ఆవిడ నెమ్మదిగా పెదవులు కదిపారు. ఆయన చూసి పాడేశారు.

చప్పట్లు మోగిపోయాయి. ఆ చప్పట్లే మాస్టారి కొంప ముంచాయి. అప్పట్నుంచి ఏ పాటకీ రెండో చరణం బట్టీపట్టే శ్రమ ఆయన పెట్టుకోలేదు. పెళ్ళయ్యాక మరీ నిశ్చింతగా ఉండేవారు.

తర్వాత బృందం కట్టారు. డ్రమ్ములకి పళ్ళ డాక్టరు. ఆయనకి చేతి విసురు ఎక్కువ, అప్పట్లో రోగులు తక్కువ. పాట ఎత్తుకునే ముందు అలవాటుకొద్దీ "ఏం పర్లేదు, నొప్పి తెలీదు" అనేవాడు. కీబోర్డుకి బావమరిది, అంటే టీచరుగారి తమ్ముడు, ఇప్పుడు సిటీ బస్సు నడుపుతున్నాడు. ఆ కీబోర్డు ఎవరో పారేస్తుంటే తెచ్చుకున్నది, అందులో మూడు మీటలు పలకవు. కొత్తది కొనే తాహతు లేక, ఆ మూడు స్వరాలూ తగలకుండా మాస్టారు బాణీలు కట్టారు. ఈయన బాణీల్లో ఏదో ప్రత్యేకత ఉందని తెలిసినవాళ్ళు తల ఊపేవారు. బృందం పేరు కూడా 'మూడు మీటలు తక్కువ' అనే పెట్టుకున్నారు. ఆ ముగ్గురినీ చూశాక, పేరు కుదిరిందని జనం అన్నారు.

వాళ్ళు పాడని చోటు లేదు. చెప్పుల దుకాణం ప్రారంభోత్సవంలో పాడితే జనం ఒంటికాలి మీద నిలబడి విన్నారు. రెండో కాలికి చెప్పు తొడిగి చూసుకుంటున్నారు మరి. అపార్ట్‌మెంటువాళ్ళ సమావేశంలో పాడుతుంటే, నీళ్ళ ట్యాంకు సంగతి తేల్చుకుంటాం, కాసేపు ఆగమన్నారు. ఆ సంగతి ఇంతవరకూ తేలలేదట. జోరువానలో బస్సు షెల్టరు కింద పాడిన రోజున మాత్రం శ్రోతలు ఒక్కరూ కదల్లేదు. ఎక్కడ పాడినా మొదటి వరసలో టీచరుగారు, ఆవిడ పెదవుల మీద రెండో చరణం.

బృందం పోట్లాడుకుని విడిపోలేదు. మానేద్దామని ఎవరూ అననూ లేదు. డాక్టరుకి రోగులు పెరిగారు, బావమరిదికి బస్సు వచ్చింది, మాస్టారికి కూతురు పుట్టింది, గిటారు బీరువా మీదికెక్కింది. కూతురు పెరిగి పెద్దదై తన సంసారం తను చూసుకుంటోంది కానీ, గిటారు మాత్రం దిగలేదు. షెల్టరు రేకుల మీద ఆ వాన చప్పుడు గుర్తొస్తే మాస్టారి వేళ్ళు ఇప్పటికీ కొట్టు బల్ల మీద దరువు వేస్తాయి.

అలాంటి సమయంలో బావమరిది ఒక కబురు తెచ్చాడు. కాఫీ హోటలాయన వయసు మీదపడి హోటలు మూసేస్తున్నాడు. ఆఖరి శనివారం సాయంత్రం పాత పాటగాళ్ళందరూ వచ్చి తలా ఒక పాట పాడిపోవాలని ఆయన కోరిక. మాస్టారి కళ్ళు మెరిశాయి. బావమరిది అక్కడితో ఆగితే ఈ కథ లేదు.

"అక్కని ఎప్పట్లా స్తంభం పక్కన కూర్చోబెట్టు బావా. అక్క పెదవి కదలకపోతే నీ పాట గేరు మారదు" అన్నాడు.

మాస్టారికి చురుక్కుమంది. ఈసారి మీ అక్క రాదని, అసలు ఈ సంగతి ఆవిడ చెవిన పడకూడదని, తన మొట్టమొదటి పాట మొత్తం తనొక్కడే పాడి చూపిస్తానని పంతం పట్టారు. నోరు జారనని బావమరిది చేత తన బస్సు బ్రేకుల మీద ఒట్టు వేయించుకున్నారు.

ఇక ఏర్పాట్లు మొదలయ్యాయి. బీరువా మీది గిటారు కొట్టుకు చేరింది. అదేమిటని ఇంట్లో అడిగితే, దాని పెట్టెకు తాళం బిగుసుకుపోయిందని చెప్పారు. కొట్టు ముందువైపు అంతా అద్దమే, తలుపు కూడా అద్దం తలుపే. పాట వీధి దాటి బాల్కనీదాకా పోకుండా తలుపు సందులన్నిటికీ రబ్బరు పట్టీ అతికించారు. డాక్టర్ని బయట నిలబెట్టి, లోపల గొంతెత్తి పాడి, వినపడిందా అని అడిగారు. డాక్టరు తలుపు తీసి, "ఏమన్నావు?" అన్నాడు. మాస్టారికి తన తెలివికి తనకే ముచ్చటేసింది.

మొదటి రోజు రిహార్సలు అయ్యాక డాక్టరు చేతిలోని డ్రమ్ము పుల్లలు పక్కన పెట్టి అడిగాడు.

"ఇంట్లో చెప్పకుండా ఈ అవస్థ ఎందుకు? ఆవిడేమైనా వద్దంటారా?"

ఎదుటి బాల్కనీలో టీచరుగారు తడిబట్టలు ఆరేస్తున్నారు. మాస్టారు అద్దంలోంచి ఆవిడకేసి చెయ్యి కూడా ఊపారు. రబ్బరు పట్టీ ఉందన్న ధీమాతో గొంతు తగ్గించకుండానే మాట్లాడారు.

"వద్దనదు, వస్తుంది. వస్తే పెదవులు కదుపుతుంది, నేను చూస్తాను. డాక్టరూ, నా పాటలన్నీ ఆవిడ మీద కట్టినవే. ఒక్కటంటే ఒక్కటి ఆవిడ హాయిగా కూర్చుని వినలేదు. నాకు అందించడంతోనే సరిపోయింది పాపం. ఒక్కసారి శనివారం ఆ హోటల్లో నా అంతట నేను పాడగలిగితే, ఇంటికొచ్చి ఆవిడని నోరు మూసుకుని కూర్చోమని, పాట మొత్తం వినిపిస్తాను."

"టీచరుగారిని నోరు మూసుకోమంటావా?"

"ముందు పాట రానీ. ఆ ధైర్యం సంగతి తర్వాత చూద్దాం."

బాల్కనీలో టీచరుగారు పిండిన చొక్కానే మళ్ళీ పిండుతూ కాసేపు నిలబడిపోయారు. మాస్టారు అది గమనించలేదు. అప్పటికే ఆయన మనసు రెండో చరణం మీదికి పోయింది.

ఆ పూట ఇంట్లో ఆయన చాలా తేలిగ్గా చెప్పబోయారు. శనివారం సాయంత్రం తాళాలవాళ్ళ సంఘం సమావేశం ఉందన్నారు. టీచరుగారు కూరగాయలు తరుగుతూ తలెత్తలేదు.

"మన ఊళ్ళో తాళాలు చేసేవాళ్ళు ఎంతమంది?"

"ఇద్దరం."

"అధ్యక్షుడెవరు?"

"ఆ రెండో ఆయన."

"మరి మీరు?"

"మిగతా సభ్యులందరూ నేనే."

"దేని మీద చర్చ?"

మాస్టారు గదంతా కలయజూశారు. "తలుపుల భవిష్యత్తు మీద" అన్నారు.

"ముఖ్యమైన విషయమే. సంఘాల్లో గట్టిగా మాట్లాడాల్సి వస్తుంది, ఉప్పునీళ్ళు పుక్కిలిస్తూ ఉండండి" అన్నారావిడ.

మర్నాటి నుంచి పొద్దున లేచేసరికి గోరువెచ్చని ఉప్పునీళ్ళు సిద్ధంగా ఉండేవి. చల్లని నీళ్ళ సీసా కనపడకుండా పోయింది. కొట్టుకు వెళుతుంటే మెడకు మఫ్లరు చుట్టి పంపేవారు. ఎంత అమాయకురాలో అని మాస్టారికి భార్య మీద జాలేసింది. అబద్ధాలు ఇంత చక్కగా ఆడగలనని ఇన్నేళ్ళూ తెలియనందుకు కొంచెం విచారించారు కూడా.

చిక్కంతా రెండో చరణంతో వచ్చింది. అది ఎంత నూరినా బుర్రకెక్కేది కాదు. ఊరికే నూరితే లాభం లేదని, పనిలో పడి నూరడం మొదలుపెట్టారు. తాళంచెవులు కోసే యంత్రం తిప్పుతూ, దాని గీమనే చప్పుడులో గొంతు కలిపి పాడేవారు. రెండు పొడుగు, ఒక పొట్టి, మళ్ళీ రెండు పొడుగు, పాట నడక అది. చెయ్యి కూడా పాట వెంటే నడిచింది. ఆ వారం ఆయన కోసిన తాళంచెవులన్నిటికీ పళ్ళు అదే వరసలో పడ్డాయి.

ఫలితం శుక్రవారం సాయంత్రం వీధిలోకి వచ్చింది. పక్కింటి కింది వాటా గుమాస్తా తన తలుపు ముందు చెమటలు కక్కుతున్నాడు. విసిగిపోయి అదే చెవిని పై వాటా దర్జీ తలుపులో పెడితే అది చప్పుడు లేకుండా తెరుచుకుంది. దర్జీ చెవి మందుల షాపు తీసింది. మందుల షాపాయన చెవి దేన్నీ తీయలేదు కానీ, ఒక తాళంలో దూరి ఇక బయటికి రానంది. ఆ తాళం గుమాస్తాదే. అందరూ చెవులు పైకెత్తి పట్టుకుని కొట్టు ముందు చేరారు. డాక్టరు ఆ పళ్ళ వరసలు ఒక్కొక్కటే పరీక్షించి, అన్నీ ఒకే నోటివిలా ఉన్నాయని తేల్చాడు.

అంతలో టీచరుగారు మేడ దిగి వచ్చి, ఆయనకి సంఘం పనుల ఒత్తిడి ఎక్కువైందని, తలుపుల భవిష్యత్తు గురించి రాత్రింబగళ్ళు ఆలోచిస్తున్నారని, అందరికీ కొత్త చెవులు ఊరికే కోసిస్తారని సర్దిచెప్పి పంపేశారు. ఆ చెవులు కోసేసరికి మాస్టారి నడుం పట్టేసింది. భార్య వెనకేసుకొచ్చినందుకు కళ్ళు చెమర్చాయి. ఇలాంటి మనిషిని మోసం చేస్తున్నానే అని ఒక్క క్షణం మనసు పీకింది. పాట విన్నాక క్షమిస్తుందిలే అని సరిపెట్టుకున్నారు.

శనివారం సాయంత్రం కాఫీ హోటలు కిక్కిరిసింది. అదే మూల, అదే స్టూలు, అదే మైకు. జిల్లుమనడం కూడా మానలేదు. స్తంభం పక్క కుర్చీ ఖాళీగా ఉంది. దాన్ని చూడగానే మాస్టారికి పంతం నెగ్గినట్టూ అనిపించింది, ఎవరూ లేని ఇంట్లోకి అడుగుపెట్టినట్టూ అనిపించింది. బావమరిది కీబోర్డు దుమ్ము తుడిచి బల్ల మీద పెట్టాడు. ఇప్పుడు దానిలో పలకని మీటలకంటే పలికేవే తక్కువ.

డాక్టరు పుల్లలు ఎత్తి, "ఏం పర్లేదు, నొప్పి తెలీదు" అన్నాడు. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుని టీచరుగారు లోపలికొచ్చారు. వెనక ఆవిడ బడిలోని పెద్ద తరగతి అంతా వరసగా వచ్చింది. ఆ వెనక, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఊళ్ళోని రెండో తాళాలాయన వచ్చాడు. టీచరుగారు తిన్నగా వెళ్ళి స్తంభం పక్క కుర్చీలో కూర్చుని, రెండో తాళాలాయన్ని పక్కన కూర్చోబెట్టుకున్నారు. పిల్లలు వెనక బల్లల చుట్టూ సర్దుకుని, డ్రమ్ముల అదురు అందేలా అరచేతులు బల్లల మీద ఆనించారు.

మాస్టారు బావమరిది వైపు చూశారు. బావమరిది పైకప్పు వైపు చూశాడు.

ఇక వెనక్కి తగ్గే దారి లేదు. మాస్టారు పల్లవి ఎత్తుకున్నారు. గొంతు ముదిరిందే కానీ ఉప్పునీళ్ళు పనిచేశాయి. మొదటి చరణం కూడా సాఫీగా సాగిపోయింది. పాత మనుషులు కళ్ళు మూసుకుని తలలు ఊపుతున్నారు. హోటలాయన కాఫీ కలపడం ఆపేశాడు. మాస్టారికి బస్సు షెల్టరు మీది వాన చప్పుడు చెవుల్లో వినపడింది. ఆ వానలోనే రెండో చరణం కొట్టుకుపోయింది.

గిటారు మీద మధ్య వాయింపు ఒకసారి వాయించారు. మాట గుర్తురాలేదు. మళ్ళీ వాయించారు. డాక్టరు అర్థం చేసుకుని డ్రమ్ముల మీద ఒక ఉరుము ఉరిమించాడు. బావమరిది పలికే మీటల్ని వెతికి వెతికి కొట్టాడు. చివరికి మాస్టారు పంతం గింతం వదిలేసి, దీనంగా మొదటి వరసకేసి చూశారు.

టీచరుగారు ఆయన కళ్ళలోకి చూసి, అరచెయ్యి ఎత్తి, తన నోటికి అడ్డం పెట్టుకున్నారు.

మాస్టారు కనుబొమలతో బతిమాలారు. ఆవిడ చెయ్యి తీయలేదు. పైన కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి. హోటలాయన కాఫీ చేత్తో పట్టుకుని బయల్దేరబోయాడు. పాట మధ్యలో కాఫీ వస్తే ఏమిటో మాస్టారికి తెలుసు. చూపు తప్పించుకుని వెనక వరసలకేసి చూశారు.

అక్కడ పెద్ద తరగతి పిల్లలందరి పెదవులూ కదులుతున్నాయి. చప్పుడు లేదు. పాఠం మర్చిపోయినవాడికి పక్క బెంచీవాళ్ళు అందించినట్టు, అందరూ ఒకేసారి, స్పష్టంగా, టీచరుగారి తీరులోనే అందిస్తున్నారు. ఆ పాట వాళ్ళ బళ్ళో పాఠమని మాస్టారికి అప్పటిదాకా తెలియదు. పెదవులు కలిసి విడిపోయే మాటలు అందులో బోలెడున్నాయని, ఏ ఏటి పిల్లలకైనా ఆవిడ ముందుగా నేర్పేది అదే. రాసినాయనకి తప్ప ఆ బడిలో అందరికీ వచ్చు.

మాస్టారు పాడారు.

మాట వినపడని దూరాన ఉన్నా,
కిటికీలో నీ పెదవి కదిలితే చాలు.

టీచరుగారు కళ్ళు మూసుకున్నారు. నోటి మీద చెయ్యి అలాగే ఉంది. అందించే పని లేకుండా, తరవాతి మాట కోసం కాచుకుని ఉండే పని లేకుండా, ఆవిడ మొట్టమొదటిసారి ఆ పాట విన్నారు. ఆ ముఖం చూసి మాస్టారికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చివరిదాకా పాడారు. పిల్లలు చేతులు పైకెత్తి వేళ్ళు ఆడించారు, వాళ్ళ చప్పట్లు అవే. హోటలాయన కాఫీ పాట అయ్యాకే తెచ్చిచ్చాడు.

ఇంటికి నడిచి వెళుతూ మాస్టారు గిటారుని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నారు. చివరికి ఆగలేక, ఎలా ఉందని అడిగారు.

"సమావేశమా? అధ్యక్షులవారిని కూడా తీసుకొచ్చాను కదా. తలుపుల భవిష్యత్తు బాగానే ఉందన్నారు."

"పాట సంగతి."

ఆవిడ కొంత దూరం నడిచారు. "ఇంత బాగుంటుందని నాకు ఇన్నాళ్ళూ తెలీదండీ" అన్నారు. తర్వాత మెడలో మఫ్లరు సరిచేశారు. ఎవరు చెప్పారని మాత్రం ఎంత అడిగినా నోరు విప్పలేదు.

సోమవారం పొద్దున మాస్టారు కొట్లో విచారణ పెట్టారు. డాక్టర్నీ బావమరిదినీ పిలిచి, మాట బయటికి పోకుండా అద్దం తలుపు గట్టిగా వేసి, రబ్బరు పట్టీ సరిచూసుకుని, ఇద్దర్నీ నిలదీశారు. పొద్దున్నుంచి సాయంత్రందాకా జనం చేత నోరు తెరిపించడమే కానీ తాను తెరవడం తన వృత్తిలో లేదని డాక్టరు చెప్పాడు. బావమరిది, రోజూ ఇంత జనాన్ని ఎక్కించుకుని తిరిగేవాణ్ణి, బ్రేకుల మీద ఒట్టు తప్పుతానా అని నొచ్చుకున్నాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నట్టున్నారు. మాస్టారికి ఒళ్ళు మండిపోయింది.

"మరి ఈ కొట్లో అనుకున్న మాట మా ఆవిడకి ఎవరు చెప్పినట్టు?" అని వీధివైపు తిరిగి గట్టిగా అడిగారు.

ఎదుటి బాల్కనీలో టీచరుగారు బట్టలు ఆరేస్తున్నారు. చేతిలోని తువ్వాలు తీగ మీద వేసి, ఆయన వైపు తిరిగారు. ఆవిడ పెదవులు కలిసి, విడిపోయాయి.

"మీరే."

మాస్టారు రబ్బరు పట్టీకేసి చూశారు, అద్దంకేసి చూశారు, మళ్ళీ బాల్కనీకేసి చూశారు. ఉప్పునీళ్ళు, మఫ్లరు, అధ్యక్షులవారు, అన్నీ ఒక్కొక్కటే ఆయనకి అర్థమయ్యాయి. ఆ రోజు డాక్టరుతో తానన్న మాటలన్నీ కూడా గుర్తొచ్చాయి. చెవుల దాకా ఎర్రబడ్డారు. వెనకనుంచి డాక్టరు మెల్లగా, ఏం పర్లేదు, నొప్పి తెలీదు అన్నాడు.

బాల్కనీలో టీచరుగారు కుర్చీ లాక్కుని, పిట్టగోడ పక్కన కూర్చున్నారు. నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఎదురుచూడసాగారు.

మాస్టారు గిటారు భుజాన తగిలించుకున్నారు. వెళ్ళి అద్దం తలుపు బార్లా తెరిచారు.